చూడ్డం వరకే

యాభై ఎనిమిది నిమిషాలు అంటోంది. ఇందాక మూడు గంటలంది, దానికి ముందు ఇరవై నిమిషాలంది. మా ఆయన హరినాథ్ పుత్తూరులో టీ తాగుతూ ఫోన్లో ఇదో రైలు గేటు దగ్గరకొచ్చేశా అనడం లాంటిదే ఇదీ, నమ్మినవాళ్ళు అన్నం చల్లార్చుకుని కూర్చోవాలి. తెర మీద పచ్చగీత కుడివైపుకి జరుగుతోంది. జరుగుతున్నట్టు కనబడదు గానీ కాసేపు కిటికీలోంచి బయటకి చూసి మళ్ళీ ఇటు చూస్తే జరిగి ఉంటుంది. నా పని చూస్తూ కూర్చోవడం. నా కూతురు మోహన అదే చెప్పి మేడ మీదకి వెళ్ళింది, ఏమీ ముట్టుకోవద్దు, ఏదన్నా అడిగితే నన్ను పిలువు అని. పైన వైఫై డబ్బా షెడ్డు మధ్య గోడకి అటూ ఇటూ సమంగా అందేలా బిగిస్తోంది, సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. బల్ల కింద పాత కంప్యూటరు టిక్కు టిక్కుమంటోంది. పుత్తూరు నుంచి వచ్చిన రిపేరు మనిషి పసిబిడ్డ ఛాతీకి పెట్టినట్టు దానికి చెవి ఆనించి విని, తిరుగుతున్నంతసేపు తిరుగుతుందమ్మా, ఒకసారి ఆగిందంటే మళ్ళీ లేస్తుందని నేను చెప్పలేను అన్నాడు. అందులో పంతొమ్మిదేళ్ళ డిజైన్లున్నాయి. రెండువేల మూడొందల చిల్లర, అన్నీ చీరల గళ్ళు, అన్నీ నేను వేసినవి. కాగితం మీద వేసినవాటిని చెదలు తిన్నాయి కాబట్టి కంప్యూటరు కొన్నాం, ఇప్పుడు కంప్యూటరుకూ చెదలు పట్టే వయసు వచ్చింది. దాని పక్కనే కొత్త డబ్బా ఉంది, నల్లగా, రెండు ఇటుకలు పేర్చినంత, అవన్నీ ఇప్పుడు అందులోకి ఎక్కుతున్నాయి. లోపల రెండు డిస్కులట. ఒకదానిలో ఏది పెడితే రెండోదానిలోనూ అదే ఉంటుంది, ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది అని మోహన చెప్పింది. మంచి ఏర్పాటే. ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ అలాంటిది ఎవరూ బిగించలేదు.

ఈరోజు అమావాస్య, మగ్గాలు ఆగి షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉందో. నగరిలో పుట్టి పెరిగినవాళ్ళం మామూలుగానే అరిచి మాట్లాడతాం, మగ్గాల చప్పుడు మీద మాట వినిపించాలి కదా, ఇక అమావాస్య రోజున మగ్గాలు ఆగినా గొంతులు తగ్గవు, వీధి వీధంతా దెబ్బలాడుకుంటున్నట్టు ఉంటుంది. అమావాస్యకు నెయ్యకూడదు. చేమగ్గాల నాటి ఆచారం. మరమగ్గాలు వచ్చాక మా మామ కుప్పయ్య దానికి ఇంకో ముక్క కలిపాడు. పొద్దున మగ్గాలకు దూది దులిపి నూనె పోసి, పన్నెండు కొట్టగానే ఇంటికి పెద్దవాడు షెడ్డు మెయిన్ ఆపాలి, అప్పుడు కర్పూరం వెలిగించి బూడిద గుమ్మడికాయ కొట్టాలి, మర్నాడు పొద్దున దాకా ఆ లైన్లో కరెంటు పారకూడదు. ఆ తీగలు కూడా ఊపిరి పీల్చుకోవాల అనేవాడు. మామ పోయాక ఆ పని ఆయన పెద్దకొడుకు, మా బావ సుబ్రమణ్యానిది. రెండేళ్ళ క్రితం షెడ్డు మధ్యలో గోడ లేచి నాలుగు మగ్గాలు అటు, నాలుగు ఇటు అయ్యాయి గానీ మీటరు ఒకటే, మెయిన్ ఒకటే, అది అటువైపుకి పోయింది. నేను డిజైన్లు వేసే ఈ చిన్న గది షెడ్డు మూలలో ఉంది కాబట్టి దీనిదీ అదే లైను. కరెంటు పోతే కాసేపు నిలబెట్టే బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయి ఆరునెలలైంది, తీసి అటక మీద పడేశాం. తీగ పీకి ఇంటి లైనుకి పెడదామంటే పీకిన ఆ క్షణంలోనే ఇది ఆగిపోతుంది. అంటే పన్నెండుకి బావ చెయ్యి కిందికి లాగితే పచ్చగీత ఎక్కడుంటే అక్కడే. మోహన పొద్దున పది గంటలకు, ఈరోజు మగ్గాలు ఆగి ఉంటాయి, అదురుండదు, ఇదే మంచి రోజు అని మొదలుపెట్టింది. మగ్గాలు ఆగుతాయని గుర్తుంది గానీ మెయిన్ ఆగుతుందని గుర్తులేదు. నాలుగేళ్ళు తిరుపతి హాస్టల్లో చదివి అక్కడే ఉద్యోగం చేసే పిల్ల, నేతవాళ్ళ ఇంట్లో పుట్టి అమావాస్యను మర్చిపోయిందని నవ్వుకున్నాను. నాకు గుర్తుంది. పదకొండున్నరకు అయిపోతుందని అది చెప్పింది, నేను నమ్మాను. పన్నెండుకి మెయిన్ ఆగుతుందని నేను గుర్తుచేశాక, పెద్దనాయనకు ఒక మాట చెప్పి రానా అని మోహన అడిగింది కూడా. అవసరం రాదులే అన్నాను. ఆయనతో నేను మాట్లాడి రెండేళ్ళు. మాకు ఆయన దయ అక్కర్లేదు.

నలభై ఆరు నిమిషాలు. మూలన గడియారం పదకొండూ పది. రెండిట్లో ఏది నిజమో పన్నెండుకి తెలుస్తుంది. ఈ డబ్బా పెట్టాలన్నది మోహన ఆలోచన, బావ కొడుకు లోకేష్ ఆలోచన. వాడు నాయుడుపేట ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాడు, డబ్బా తెచ్చింది వాడే. పెద్దవాళ్ళం మాట్లాడుకోం గానీ పిల్లలిద్దరూ ఫోన్లలో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆ సంగతి మాకు తెలియనట్టు మేమూ, తెలియనివ్వనట్టు వాళ్ళూ నడుపుకొస్తున్నాం. నాలుగు మగ్గాలకు ఎవరూ పెద్ద సరుకు చెప్పరు. ఎనిమిది మగ్గాల మీద ఒకే గళ్ళు పడితేనే ఏజెంటు గుమ్మం ఎక్కుతాడు. ఇలాగే ఉంటే ఏడాదిలో రెండు వైపులా మగ్గాలు తూకానికి పోతాయని లోకేష్ అన్నాడట. అది నిజమేనని నాకూ తెలుసు, మగ్గం పోతే నా గళ్ళు నేసేదెవరు. డిజైన్లు రెండిళ్ళకీ ఉమ్మడిగా ఒకచోట ఉంటే ఎవరి కంప్యూటరులో వాళ్ళు తెరుచుకుని నేసుకోవచ్చు, మొహాలు చూసుకోనక్కర్లేదు. అటువైపు కంప్యూటరులో ఉన్నదంతా లోకేష్ రాత్రే ఇందులోకి పంపేశాడు, ఇప్పుడు దాని మీద మాది చేరుతోంది. ఇటుక గోడ దీనికి అడ్డం రాదట. పొద్దున మోహన ఎవరెవరికి ఏమేమి చేసే హక్కు ఇవ్వాలి అని అడిగింది. మొత్తం అంటే మార్చవచ్చు, తీసుకుపోవచ్చు, తుడిచెయ్యవచ్చు. చూడ్డం వరకే అంటే తెరిచి చూడటమే, చెయ్యి పెట్టలేరు. మన ముగ్గురికీ మొత్తం ఇవ్వు, మీ పెద్దనాయన వాళ్ళకు చూడ్డం వరకే అన్నాను. అది నా మొహం వైపు కాసేపు చూసింది, తర్వాత అలాగే నొక్కింది.

పేర్లు పోతున్నాయి తెర మీద. ఐరాల బెల్లం, అది కాణిపాకం పోయి వస్తూ దారిలో గానుగ దగ్గర పెద్ద పెనంలో పొంగుతున్న బెల్లం చూసి వేసింది, ఎరుపు కాదు పసుపు కాదు, ఆ రంగు నూలు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అలిపిరి వాన. నేరేడు రెండు. మోహన యూనిఫాం, అది బడి గౌను గళ్ళే, పెద్దవి చేసి అంచు మార్చాను, రాయచోటి వైపు బాగా పోయింది. కట్టుకున్న ఆడవాళ్ళెవరికీ అది రెండో తరగతి పిల్ల గౌనని తెలియదు. నా పేరు దేని మీదా లేదు. మగ్గం మగవాళ్ళది, సరుకు మగవాళ్ళది, గళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని ఎవరూ అడగరు. నాకూ పెద్దగా పట్టింపు లేదు, ఒక్కదాని విషయంలో తప్ప. పులికాట్. పెళ్ళైన ఇరవయ్యేళ్ళకు మేమందరం కలిసి సూళ్ళూరుపేట మీదుగా పక్షుల్ని చూడటానికి పోయాం, రెండు కుటుంబాలూ ఒకే వ్యానులో, తోడికోడలు లీలావతక్క పులిహోర కలుపుకొచ్చింది. పడవ నడిపిన చిన్నబ్బ అనే ఆయన, మోకాలి లోతు బూడిదరంగు నీళ్ళలో నిలబడ్డ ఆ గులాబీ పక్షుల్ని చూసి నేను నోరు తెరిచి ఉంటే, "కూసున్నప్పుడు గాదుమా, లేసినప్పుడు సూడాల" అన్నాడు. అంతలో అవి లేచాయి. ఇంటికొచ్చి బూడిదరంగు నేల మీద గులాబీ గళ్ళు వేశాను. మొదటిసారి నచ్చలేదు, రెండోసారీ నచ్చలేదు, మూడోది బాగుందని బావే అన్నాడు. గులాబీ రంగు నూలు అద్దకం వాడికి చూపించాలని దాన్ని తన కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు కూడా. వారం తర్వాత బట్టలు ఆరేస్తుంటే గుర్తొచ్చింది. అవి లేచినప్పుడు రెక్కల కింద నలుపు కనబడింది, గులాబీకి అంచున, కత్తిరించినట్టు. తడి చేతులతోనే వచ్చి ప్రతి గులాబీ చారకీ అటు రెండు, ఇటు రెండు నల్లపోగులు పెట్టాను. అప్పుడు అది కదిలింది. అంత సంతోషం నాకు పిల్ల పుట్టినప్పుడు కూడా కలగలేదంటే మోహన బాధపడుతుంది, కాబట్టి ఎవరితోనూ అనలేదు.

దాన్ని మా మగ్గాల మీదకి ఎక్కించకముందే పుత్తూరు బజారులో ఒకామె కట్టుకుని ఎదురొచ్చింది. బూడిద నేల, గులాబీ గళ్ళు, అంచున అటు రెండు ఇటు రెండు నల్లపోగులు. ఆమె వెనకే కూరల అంగడి దాకా నడిచాను, పోగులు లెక్కపెట్టుకుంటూ. మా దగ్గర సరుకు ఎత్తే ఏజెంటు మురుగేష్ దాన్ని వేరే ఊళ్ళో యాభై మగ్గాల మీద నేయించాడని నాలుగు రోజుల్లో తెలిసింది. నా గదిలోంచి అది బయటికి ఎలా పోయింది? బావ ఎక్కించుకుపోయాడు కదా. ఆ రోజు షెడ్డులో అందరూ ఉండగా, మగ్గాలు ఆపించి మరీ అన్నాను, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని. ఆయన మొహం వైపు చూసే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఒప్పుకోవడం అనుకున్నాను. హరినాథ్ కూడా ఏమీ అనలేదు, అన్న కదా, నోరు రాదు అనుకున్నాను. వారం రోజుల్లో ఇటుకలు దిగాయి. ఆ గోడ కట్టేటప్పుడు మా ఆయన పడ్డ పాటు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, మేస్త్రీ వద్దంటున్నా తనే సిమెంటు కలిపాడు, తనే ఇటుకలందించాడు, మూడు రోజులు తల ఎత్తకుండా. నా కోసం అంత కష్టపడుతున్నాడని ముచ్చటపడి నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చాను.

ఏదో అడుగుతోంది. చిన్న కిటికీ తెరుచుకుంది తెర మధ్యలో. ఈ పేరుతో ఫైలు అక్కడ ముందే ఉంది, పాతదాని మీద కొత్తది పెట్టనా, వదిలెయ్యనా, రెండూ ఉంచనా అని. పులికాట్-3. మోహనను పిలవాలి. పిలవలేదు. కింద రెండు తేదీలున్నాయి, నాది ఆగస్టు పంతొమ్మిది, అటువైపుది ఆగస్టు పన్నెండు. డబ్బాలోకి వెళ్ళి అటువైపుది తెరిచాను, ముట్టుకోవద్దన్నది గుర్తుండే తెరిచాను. బూడిద నేల. గులాబీ గళ్ళు. నలుపు లేదు. పెద్దది చేసి చూశాను, ఇంకా పెద్దది చేసి ఒక్కో పోగూ వేలితో తాకి చూశాను. లేదు. ఆయన దగ్గరున్నది కూర్చున్న పక్షి. బజారులో నడిచింది లేచిన పక్షి. నలుపు పెట్టింది ఆయన ఎక్కించుకున్నాక అన్నది ఆ రోజు కోపంలో నాకు తట్టలేదు. రాత్రి లోకేష్ పంపిన అన్నింట్లోనూ పులికాట్ అని వెతికాను, ఇదొక్కటే ఉంది. నల్లపోగులున్నది ఈ కంప్యూటరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో ఎవరో ఇస్తే తప్ప. మోహన ఆ ఆగస్టులో తిరుపతిలో పరీక్షలు రాస్తోంది. నేను ఇవ్వలేదు. ఇక మిగిలింది, ఎవరేమడిగినా లేదనలేని మనిషి, టీ ఇప్పించినవాడికి చొక్కా విప్పి ఇచ్చే మనిషి. మురుగేష్ టీ తాగిస్తూ ఊరికే చూసిస్తాలే హరీ అని ఉంటాడు, ఈయన ఇచ్చి ఉంటాడు. దొంగతనమని కూడా అనుకుని ఉండడు. అది నాకు వెంటనే అర్థమైంది, ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను కదా. ఇచ్చినందుకు కోపం రాలేదు. ఇటుకలందించినందుకు వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది, చెవుల దాకా వేడెక్కేంత సిగ్గు, ఆ నిమ్మకాయ నీళ్ళు గుర్తొచ్చి. రెండూ ఉంచు అన్నచోట నొక్కాను. పచ్చగీత మళ్ళీ కదిలింది. పంతొమ్మిది నిమిషాలు అంది. గడియారం పదకొండూ యాభై రెండు.

గోడ అవతల దగ్గు వినిపించింది. మగ్గాలు నడిచే రోజుల్లో అవతల మనుషులున్నట్టే తెలియదు, అమావాస్యకే తెలుస్తుంది. తర్వాత ఇనప స్టూలు ఈడ్చిన చప్పుడు. మెయిన్ ఎత్తులో ఉంటుంది, ఆయన పొట్టివాడు, స్టూలెక్కాలి. నేను లేచాను. మోహనను పంపవచ్చు, మేడ మెట్ల దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. వీధిలోకి వచ్చి, ఎండలో చెప్పుల్లేకుండా, పక్క గుమ్మం దాకా నడిచాను. ఇరవై ఏడు అడుగులు. గడపలో లీలావతక్క కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది, నన్ను చూసి పక్కకు జరిగింది, రమ్మనలేదు, రావద్దనలేదు. బావ స్టూలు మీద నిలబడి మెయిన్ పిడి మీద చెయ్యి వేసి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. గోడకు ఇటువైపు సున్నం కొట్టలేదని అప్పుడు చూశాను, ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి.

"బావా, కొంచేపు ఆపొద్దండి. ఆడ మిషను నడస్తా ఉండాది. ఇప్పుడు ఆగితే మళ్ళా లేయదంట."

ఆయన నా వైపు చూసి, పిడి మీంచి చెయ్యి తీసి, స్టూలు దిగి దాని మీదే కూర్చున్నాడు. అమావాస్య యాడికీ పోదులే, అయినాకే ఆపుదాం అన్నాడు. గుమ్మడికాయను కాలితో కొంచెం పక్కకు జరిపాడు. అంతే, అడగవలసింది అయిపోయింది, ఇంటికి వెళ్ళిపోవచ్చు. నేను వెళ్ళలేదు.

"మీ దాంట్లో నల్లపోగుల్లేవు బావా. ఇప్పుడే సూసినా. అది మీరిచ్చింది గాదు."

"గాదు," అన్నాడు. "రైలు గేటు కాడ టీ అంగడిలో వాడు మురుగేషుకు ఇస్తా ఉంటే నేను సూసినా."

"మరి ఆ పొద్దు ఎందుకు జెప్పలేదు?"

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. "జెప్పింటే ఇది ఈడ లేసుండదుమా. మీ ఇద్దరి నడాన లేసుండును."

క్షమించమనే మాట మా ఇళ్ళల్లో వాడుకలో లేదు, చిత్తూరు కోర్టులో తప్ప ఎక్కడా విన్న గుర్తు లేదు. లీలావతక్క వచ్చి పళ్ళెం నా చేతుల్లో పెట్టింది. మామ ఉన్నప్పుడు అమావాస్యకు కర్పూరం పళ్ళెం పట్టుకునేది చిన్న కోడలే, అంటే నేనే. ఈ రెండేళ్ళూ అక్కే పట్టుకుందన్నమాట, ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో గంట. మేమలా ఉండిపోయాం, ముగ్గురం, ఎంతసేపో. ఒంటిగంటకు పావు తక్కువగా ఉన్నప్పుడు మోహన గొంతు మేడ మీద నుంచి వచ్చింది, అయిపోయింది పెద్దనాయనా, ఆపుకోండి అని. నేను అక్కడున్నానని దానికి ఎలా తెలిసిందో అడగాలి. బావ స్టూలెక్కి పిడి లాగాడు. గోడ అవతల టిక్కు టిక్కు ఆగిపోయింది, చివరిసారి, అది ఆగినప్పుడు నాకు తెలిసింది. కర్పూరం వెలిగించాను, ఆయన గుమ్మడికాయ కొట్టాడు, ముక్కలు గోడ దాకా ఎగిరాయి. ఏడుపొచ్చింది. పొగ అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

తిరిగి వచ్చేసరికి మోహన వంటింట్లోంచి పొడుగు తీగ లాగి కొత్త డబ్బాను ఇంటి లైనుకి కలిపేసింది. దాని మీద నీలం దీపం వెలుగుతోంది. తన ల్యాప్‌టాప్‌లో అన్నీ తెరిచి సరిచూస్తోంది, బొమ్మలు వరసగా కనబడుతున్నాయి, వాటిలో పులికాట్లు రెండూ పక్కపక్కన, ఒకటి నల్లపోగులతో, ఒకటి లేకుండా. హరినాథ్ అప్పుడే పుత్తూరు నుంచి వచ్చాడు. చేతిలో మల్లెపూల పొట్లం, మూరెడు నాకు, మూరెడు మోహనకు, ఎప్పుడూ మర్చిపోడు. అయిపోయిందా అని నవ్వుతూ కూతురి భుజం మీదుగా వంగి తెర వైపు చూశాడు. నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. ఆయన ఆ రెండు బొమ్మల్నే చూస్తున్నాడు.

హక్కులు మార్చాలి, అది తెరువు అన్నాను మోహనతో. తెరిచింది.

"మీ పెద్దనాయనకు మొత్తం ఇయ్యి. లోకేషుకు గూడా."

నొక్కింది. ఇంకా, అన్నట్టు తలెత్తింది.

"మీ నాయనకు సూడ్డం వరకే ఇయ్యి."

ఎందుకుమా అని మోహన అడిగింది. ఆయన అడగలేదు.